మండితే చెప్పండి

జూన్ 11

పొగమంచు వల్ల లోయ మీద వేలాడుతూ వచ్చే తీగబండి ఆలస్యమైంది. దిగువ పేటల రోగులు తొమ్మిదిన్నర దాటాక గానీ రాలేదు. పదింటికి ఎనిమిది కుర్చీలూ నిండిపోయాయి.

నరం వెతకడం, సూది పెట్టడం, మందు కలిపి ఎక్కించడం అన్నీ యంత్రం పనులే. దాని పట్టిక అదే రాసుకుంటుంది. ఆ పట్టికలో గడి లేని సంగతులు రాసుకోవడానికి నాకీ నోటుపుస్తకం. నాకు మిగిలింది చెప్పే పని. క్యాన్సర్‌కిచ్చే ఎర్రమందు ఎక్కేముందు రోగికి ఒక మనిషి ఎదురుగా కూర్చుని అన్నీ చెప్పాలని చట్టం. తెర మీద చూపిస్తే చాలదు. మబ్బుమెట్ట ఆసుపత్రిలో పదహారేళ్ళుగా ఆ మనిషిని నేను.

"రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు, మందు రంగు. మూడో వారానికి జుట్టు రాలుతుంది, మళ్ళీ వస్తుంది. నోట్లో పుళ్ళు పడితే ఉప్పునీళ్ళు పుక్కిలించండి. వారం దాటాక జ్వరం వచ్చిందంటే తెల్లారనిద్దాం అనుకోకండి, అదే గంటలో వచ్చెయ్యండి. గుండె పరీక్ష మానకండి. ఈ మందు ఒక మనిషికి జీవితం మొత్తం మీద ఇంతే ఇవ్వాలని హద్దుంది."

ఐదో కుర్చీలో పైడిరాజు నాతోపాటే ఈ పాఠం అప్పజెబుతున్నాడు. ఆయనకిది నాలుగోసారి. తీగబండి స్టేషన్‌లో టీకొట్టు ఆయనది. సముద్రం ఊళ్ళోకి వచ్చిన ఏడు మెట్టెక్కిన మొదటి గుంపులో వాడినని అందరికీ చెప్పుకుంటాడు. పాఠం అయ్యాక చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఇదేటో ఓపాలి సూడమ్మా. సబ్బు రాసినా పోట్లేదు."

ఎడమ మోచేతి కింద అరచెయ్యంత మేర ఎర్రగా కందిపోయి ఉంది. ముట్టుకుంటే చెక్కలా గట్టిగా తగిలింది. మధ్యలో చర్మం నల్లబడుతోంది.

"ఎన్నాళ్ళయింది?"

"కిందటిపాలి సూదెట్టిన రెండోనాడు నుంచీనీ."

"నొప్పి లేదా?" అని అడిగి నాలుక కరుచుకున్నాను.

"నొప్పేటమ్మా? గింజుంది కదేటి," అని నవ్వాడు.

నిమ్మళం గింజ లేనిదెవరికి? చెవి వెనక చర్మం కింద బియ్యపు గింజంత ఉంటుంది, నొప్పిని మెదడు దాకా పోనివ్వదు. నాకు ముప్పై మూడేళ్ళప్పుడు పెట్టారు. ఇప్పటి పిల్లలకు మూడో ఏటే పెట్టేస్తున్నారు. దెబ్బ తగిలితే చిన్న జలదరింపు ఒకటి వస్తుంది, అంతే. ఆసుపత్రిలో సూదులు పడ్డప్పుడల్లా అది జలదరిస్తుంటే రోగులకు చిరాకని గుమ్మం దాటగానే దాన్ని కూడా ఆపేస్తారు.

ఈ రోజు పైడిరాజుకు మందు ఎక్కించనివ్వలేదు. గాయాల డాక్టరు దగ్గరికి పంపాను.

జూన్ 13

యంత్రం పట్టికలన్నీ తీసి చూశాను. పైడిరాజుకు మందెక్కిన రోజు "నరం బయటికి కారిన మందు: సున్నా, రోగి స్థితి: నిమ్మళం" అని ఉంది. ఈ ఏడాది అందరి పట్టికల్లోనూ అదే మాట.

ఎర్రమందు నరంలో ఉన్నంతసేపే మందు. నరం దాటి కండలోకి కారిందా, నిప్పే. గొట్టంలో ఒత్తిడి పెరిగితే కారుతోందని యంత్రం పట్టేస్తుంది. కానీ బొట్టుబొట్టుగా కారితే ఒత్తిడి మారదు. అప్పుడు యంత్రం గింజను అడుగుతుంది, రోగి ఎలా ఉన్నాడని. బాగున్నాడని గింజ చెబుతుంది. ఇద్దరూ కలిసి సున్నా రాసేస్తారు.

గాయాల వార్డుకు వెళ్ళి అడిగాను. ఈ నాలుగు నెలల్లో ఇలాంటి చేతులు ఇంకో రెండు వచ్చాయట. పురుగు కుట్టిందని ఒకామె, వేణ్ణీళ్ళు పడ్డాయని ఇంకొకాయన చెప్పారట. ఇద్దరూ నా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే.

సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు అలమరలో అడుగున పాత చెప్పే కాగితం దొరికింది. ఆరేళ్ళ కిందటిది. అందులో మొదటి మాటే ఇది: "మందు ఎక్కేటప్పుడు సూది దగ్గర మండినా, పొడిచినట్టున్నా, బిగిసినట్టున్నా ఒక్క క్షణం ఆగకుండా చెప్పండి."

మెట్ట మీద అందరికీ గింజలు పెట్టడం పూర్తయిన ఏడు ఆ మాటను కొట్టేశారు. ఎవరికీ మండదు కదా, ఇంక దేనికని. కొట్టేసిన గీత పక్కన రెండు సంతకాలున్నాయి. ఒకటి డాక్టర్ విశ్వంభర్‌ది. రెండోది నాది.

జూన్ 14

గాయాల వార్డులో పైడిరాజు మంచం దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. కాగితం కూడా చూపించాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా పెద్ద కట్టు కట్టారు చేతికి.

"అయితే ఇది మండుద్దని నీకు తెల్సు."

"తెలుసు."

"మూత్రం ఎర్రగొస్తాదని సెప్పినావు. జుత్తు రాల్తాదన్నావు. ఉప్పునీళ్ళన్నావు. నాలుగుపాలీలు నీతోపాటు నానూ సెప్పినాను. ఇది మాత్రం సెప్పలేదు కదమ్మా."

"గింజ ఉంది కదా, తెలియదు కదా అనుకున్నాను."

"తెలీకపోతే నాను కళ్ళతో సూసుకుందును గదా! వాసిందో లేదో సూస్తా కూకుందును. నా సెయ్యి గదా అది."

అరిచినా బాగుండేది. అరవలేదు. "కొట్టు కాడ టీలు ఎవులు పోస్తన్నారో ఏటో" అని అటు తిరిగి పడుకున్నాడు.

జూన్ 17

డాక్టర్ విశ్వంభర్ నా మాట పూర్తిగా విన్నారు. విననివారని నేనెప్పుడూ అనను.

"ఏడాదికి నాలుగు వందల మందికి ఎక్కిస్తున్నాం. మూడు చేతులు," అన్నారు.

"మనకు తెలిసినవి మూడు."

"సరే, పది అనుకో. ఏం చెయ్యమంటావు?"

"ఆ మాట మళ్ళీ చెప్పనివ్వండి. కావాలన్నవాళ్ళకు మందెక్కే కాసేపు గింజ ఆపుదాం. చట్టంలో ఉంది. రోగి రాసిస్తే చాలు, ఎనిమిది గంటలు ఆపొచ్చు. ఆపే తాళం మీ బీరువాలోనే ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అందరికీ గింజలు రాకముందు ఈ వార్డు ఎలా ఉండేదో నీకు గుర్తులేదా సత్యవేణీ? మెట్లెక్కుతూనే కేకలు వినిపించేవి. సగంమంది రెండోసారి వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు చేతికి పుండుపడి చచ్చిపోలేదు. మందు మానేసి చచ్చిపోయారు. మా అన్నయ్య మూడోసారికి రానన్నాడు. నేను డాక్టర్నై ఉండి కూడా ఒప్పించలేకపోయాను. ఇప్పుడు నువ్వొక కుర్చీలో మనిషిని ఏడిపిస్తే మిగతా ఏడు కుర్చీలూ ఖాళీ అవుతాయి. ఆ చావులు ఎవరు రాసుకుంటారు, నువ్వా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ కేకలు నేనూ విన్నాను.

"చెప్పకుండా ఉండటం మాత్రం నా వల్ల కాదు సార్," అన్నాను.

"చట్టం ప్రకారం చెప్పేది నువ్వు. నేను ఆపలేను. తాళం అడిగితే ఇస్తాను. కానీ ఎవరినీ ఒప్పించడానికి ప్రయత్నించకు."

జూన్ 20

ఈ రోజు నుంచి ఆ మాట చెబుతున్నాను. మొదటి నలుగురూ విని తల ఊపి ఊరుకున్నారు. గింజ ఆపమంటారా అని అడిగితే, పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

ఐదో మనిషి శాంభవి. ఇరవై నాలుగేళ్ళది, తీగబండి ఇనపమోకులు అతికే పని చేస్తుంది. లోయ మీద వేలాడుతూ వేళ్ళతో తడిమి తెగిన పోగు ఎక్కడుందో పట్టేస్తుందట. కుడి మోకాలి కింద ఎముకలో గడ్డ. ఎర్రమందు ఒకసారి అయింది, రెండోది 25న. పక్కన వాళ్ళమ్మ సరోజిని ఉంది.

"మందు కారితే చేతికి ఏమవుతుంది సిస్టర్?" అంది శాంభవి.

"చర్మం, కండ కాలిపోతాయి. లోపలి దాకా పోతే వేళ్ళు వంగవు."

తన వేళ్ళు తెరిచి మూసి చూసుకుంది. "గింజ ఆపేస్తే ముందే తెలుస్తుందా?"

"తెలియొచ్చు. తెలిస్తే ఆపగలం. కానీ మిగతా నొప్పులన్నీ కూడా తెలుస్తాయి. అది కూడా వినుకో."

సరోజిని లేచి నిలబడింది. "ఏటి సేస్తన్నావు నువ్వు? మూడో ఏడు కాణ్ణించి నొప్పంటే ఏటో తెలీకుండా పెంచుకున్నాను నా పిల్లని. నర్సువా, మరేటైనావా? నొప్పి నేర్పుతావా దానికి?"

"అమ్మా," అంది శాంభవి, గొంతు పెంచకుండానే. "కాల్లో గడ్డ ఏడాది నుంచీ ఉందన్నారు. ఏడాదీ అదే కాలుతో స్తంభాలెక్కాను. నొప్పి పుడితే అప్పుడే వచ్చేవాళ్ళం కదా. ఏడాది పోగొట్టుకున్నాం. చేతులు కూడా పోగొట్టుకోమంటావా?"

సరోజిని మళ్ళీ కూర్చుంది. కూతురు రాసిచ్చిన కాగితం మీద సాక్షి సంతకం మాత్రం ఎంత అడిగినా పెట్టలేదు. ఆ సంతకం కూడా నేనే పెట్టాను.

జూన్ 25

ఇది ఈ రోజే రాయాలి.

ఎనిమిదింటికి శాంభవి చెవి వెనక తాళం ఆనించాను. నిమిషం వరకూ ఏమీ లేదు. తర్వాత తన కాలు రెండు చేతులా పట్టుకుంది. ముందు దాని ముఖంలో భయం కూడా లేదు, ఆశ్చర్యమే. ఎవరో తెలియనివాళ్ళు ఒంట్లోకి వచ్చి కూర్చున్నట్టు చూసింది.

"ఇదేనా? ఇది కాల్లో ఎప్పుడూ ఉందా?"

"ఉంది తల్లీ."

అప్పుడు ఏడ్చింది. పెద్దదానిలా కాదు, మూడేళ్ళ పిల్లలా, నోరు తెరిచి. సరోజిని దాన్ని ఒళ్ళోకి లాక్కుని నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. తాళం మళ్ళీ ఆనిస్తానన్నాను. శాంభవి వద్దని తల ఊపింది.

నొప్పుల్లో తేడాలు చెప్పాలి కదా. వేడి టీ గ్లాసు వేలికి ఆనించి, "ఇది మంట" అన్నాను. చర్మం గిల్లి, "ఇది గిల్లడం" అన్నాను. ఇరవై నాలుగేళ్ళ పిల్లకు అక్షరాలు దిద్దిస్తున్నట్టుంది. యాభై నాలుగేళ్ళ నాకు కూడా ఆ మాటలు పుస్తకంలో మాటల్లా వినిపించాయి. నేను కాలిన మంట ఎరిగి ఇరవై ఒక్క ఏళ్ళయింది.

పదింటికి యంత్రం సూది పెట్టింది. శాంభవి కేక పెట్టింది. మిగతా కుర్చీల్లో వాళ్ళంతా ఇటు తిరిగారు. గొట్టంలో ఎరుపు కదిలింది.

రెండు నిమిషాలకే "మండుతోంది" అంది. ఆపి చూశాను. ప్లాస్టరు వెంట్రుకల్ని లాగుతోంది, అంతే. సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాను. పది నిమిషాలకు మళ్ళీ చెప్పింది. మందు చల్లగా ఉండి నరం వెంట జిల్లుమంటోంది, కారడం లేదు. మళ్ళీ మొదలుపెట్టాను. రెండో కుర్చీలో పెద్దావిడ చెవులు మూసుకుంది.

మూడోసారి శాంభవి ఏడవలేదు. కళ్ళు మూసుకుని మెల్లగా అంది. "సిస్టర్, ఇది వేరు. మోకులో ఒక్కో పోగూ తెగి విడిపోతున్నట్టుంది. సూది దగ్గర్నుంచి పైకి పాకుతోంది."

యంత్రం తెర చూశాను. కారిన మందు: సున్నా. చెయ్యి చూశాను. ఏమీ కనిపించలేదు. రెండుసార్లు ఊరికే ఆపాను, వార్డంతా నన్నే చూస్తోంది, గుమ్మం దగ్గర డాక్టర్ విశ్వంభర్ నిలబడి ఉన్నారు. వేలు మీట మీద పెట్టి తటపటాయించాను. నిజం రాస్తున్నాను, తటపటాయించాను. ఎంతసేపో తెలియదు. తర్వాత నొక్కాను.

"సున్నా అంటోంది కదా," అన్నారు డాక్టర్ దగ్గరికొస్తూ.

"ఆ పిల్ల ఉందంటోంది."

ఆయన వంగి సూది పైభాగాన వేలితో నొక్కారు. శాంభవి విలవిల్లాడింది. ఆయన వేలు తీశాక చర్మం మీద గుంట అలాగే ఉండిపోయింది. లోపల నీరు చేరింది. సూది తియ్యకుండా సిరంజి తగిలించి, లోపలికి పోయిన మందు ఎంత వస్తే అంత ఆయనే వెనక్కి లాగారు. ఆయన ఒక రోగి చెయ్యి ముట్టుకోవడం పదేళ్ళలో చూడలేదు నేను. మంచు సంచీ పెట్టాం. రెండో చేతికి విరుగుడు ఎక్కించాం. ఇంత జరుగుతున్నా శాంభవి చేతిని కదపలేదు.

రెండో కుర్చీ ఎప్పుడు ఖాళీ అయిందో నేను చూడలేదు. ఆ పెద్దావిడ గొట్టం తీయించుకుని మందు సగంలో వెళ్ళిపోయింది.

నాలుగింటికి గడువు తీరి గింజ దానంతటదే పనిలో పడింది. శాంభవి ఒళ్ళంతా ఒక్కసారి వదులైంది. "పోయిందమ్మా," అని వాళ్ళమ్మ భుజం మీద తల వాల్చేసింది. వచ్చేసారి ఆపమంటావా అని నేను అడగలేదు. తనే చెప్పింది. "మళ్ళీ ఒప్పుకుంటానో లేదో నాకే తెలీదు సిస్టర్."

జూలై 2

శాంభవి చేతి మీద రూపాయి బిళ్ళంత ఎరుపు మిగిలింది. వేళ్ళు అన్నీ వంగుతున్నాయి. పైడిరాజుకు తొడ చర్మం తీసి చేతికి అతికారు. చిటికెన వేలు, ఉంగరం వేలు ఇక వంగవన్నారు. మిగతా మందు కుడిచేతికి ఎక్కించుకుంటానని ఒప్పుకున్నాడు, ఎక్కినంతసేపూ నేను పక్కనే కూర్చోవాలన్నాడు. కూర్చుంటాను.

రెండో కుర్చీ పెద్దావిడ మళ్ళీ రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్ళాను. తలుపు తియ్యలేదు. డాక్టర్ ఆ సంగతి ఎత్తలేదు. ఆమె లెక్క నేనే రాసుకున్నాను.

వార్డులోకి వచ్చాక గింజ జలదరింపును ఆపడం ఈ రోజుతో మానేశారు. సూది పడ్డప్పుడు చిరాకు పడితే పడనీ అన్నారు డాక్టర్. బొట్టుబొట్టుగా కారే మందుకు అది సరిపోతుందో లేదో మా ఇద్దరికీ తెలియదు. అందుకని ప్రతి పది నిమిషాలకూ నేను చేత్తో నొక్కి చూస్తున్నాను. రోగులకు కూడా నొక్కి చూసుకోవడం నేర్పుతున్నాను. మందు కారే భయం తగ్గేలా ఛాతీలో పెద్ద నరానికి గొట్టం అమర్చే వసతి మెట్ట మీదికి ఎప్పుడొస్తుందో చూడాలి.

సాయంత్రం డాక్టర్ ఒక జాబితా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఈ ఆరేళ్ళలో ఆ మాట వినకుండా ఎర్రమందు ఎక్కించుకున్నవాళ్ళు.

"సగం పేర్లు నా వంతు," అన్నారు. "రేపటి నుంచి ఇద్దరం ఫోన్లు చేద్దాం. చెయ్యి ఎలా ఉందని అడుగుదాం."

జూలై 8

ఐదు రోజుల్లో నా వంతులో నూటపద్నాలుగు పేర్లయ్యాయి. తొంభైమందికి పైగా బాగున్నారు. కొందరు తిట్టారు. ఏడుగురి చేతుల మీద మచ్చలున్నాయి. ఒకాయన, "అందరికీ అలాగే అవుద్ది కాబోలనుకున్నాను" అన్నాడు.

ఈ రోజు మధ్యాహ్నం అప్పలకొండ అనే పేరుకు ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది. వాళ్ళమ్మ రెండేళ్ళ కిందట పోయిందట.

"రోగంతోనే పోనాది సిస్టర్. మందు మూలాన కాదు. మీరేటీ అనుకోకండి," అని తనే నన్ను ఓదార్చింది.

పెట్టేద్దామనుకున్నాను. కానీ అడగాల్సింది అడగాలి. "అమ్మగారి చేతి మీద పుండు లాంటిది ఏమైనా ఉండేదా?"

"కుడి సేతికుండేదండీ. నల్లగా, ఇంత మేర. రోగం సేతికి కూడా పాకీసిందనుకుంది అమ్మ. ఎవరికీ సూపించొద్దంది. అప్పుడే నాకు పాప పుట్టింది. ఆ సేత్తో దాన్ని ముట్టుకునేది కాదు. పిల్లకి అంటుకుంటాదని భయం. ఎడమ సేతికి బలం లేదు, ఒక్క సేత్తో ఎత్తలేదు గదా. పక్కలో పడుకోబెడితే సూసుకునేది. అంతే."

నేను చెప్పాను. అది రోగం కాదని, మందు నరం దాటి కారిందని, అంటుకునేది కాదని. మేము ముందే చెప్పి ఉండాల్సిందని, చెప్పలేదని.

ఫోన్‌లో వెనక ఎక్కడో ఒక చిన్నపిల్ల ఏదో పాడుకుంటోంది.

"అంటే," అంది ఆమె చివరికి, "అమ్మ పాపని ఎత్తుకోవచ్చునా సిస్టర్, ఆ సేత్తో?"

"ఎత్తుకోవచ్చునమ్మా," అన్నాను.